పదమూడో నెల తెలియని కెమెరా

అడిస్ అబాబాకి బస్సు దూరంలో ఉన్న మా దెబ్రె బిర్హాన్ ఊళ్లో ముప్పై ఏళ్లుగా దిగిన గుర్తింపు కార్డు ఫొటోలన్నీ వరసగా పేర్చి చూడండి. మొహాలు వేరు వేరు, కోటు ఒక్కటే. ఆ నల్ల కోటు కుట్టింది నేను. కుట్టించుకున్నవాడికి పెళ్లి తప్పిపోయింది, కోటు కోసం మళ్లీ రాలేదు. పక్కనున్న ఫొటో స్టూడియోలో మేకుకి తగిలించాను. అప్పటి నుంచి లారీ డ్రైవర్లు, బడి మేష్టర్లు, దుప్పట్ల ఫ్యాక్టరీ కూలీలు, అందరూ ఆ కోట్లోనే ప్రభుత్వానికి పరిచయమయ్యారు. వాళ్లకి బొత్తాలు పెట్టి, గడ్డం పట్టుకుని పైకెత్తి, "ఊపిరి తీసుకో, వదలకు" అని చెప్పి ఫొటో తీసినవాడు అద్మాసు.

ఊరంతా గాషే అద్మాసు అని మర్యాదగా పిలిచేది. నేను అతని కన్నా రెండేళ్లే చిన్న, పైగా గోడకి గోడ ఆనుకున్న కొట్టు నాది, కాబట్టి ఉత్త అద్మాసు అనేవాణ్ణి. నా పేరు షిబేషి. దర్జీని. నా కొట్లో గోడ గడియారం ఇరవై నిమిషాలు వెనక నడుస్తుంది. పాడై కాదు, నేనే అలా పెట్టాను. మూడింటికి ఇస్తానన్న ప్యాంటు కోసం సరిగ్గా మూడింటికి వచ్చి కూర్చునే మనుషులుంటారు చూడండి, వాళ్లకి గడియారం చూపించి "ఇంకా టైమవలేదు కదయ్యా" అనొచ్చు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఈ కథ లేదు.

అద్మాసుకి ఒక పిచ్చి ఉండేది. తీసిన ప్రతి ఫొటో వెనకా తారీఖు రాసేవాడు. స్టాంపు సైజు ఫొటో అయినా సరే, సన్న పెన్నుతో నాలుక బయటపెట్టి మరీ రాసేవాడు. "అయ్యా, బస్సు వెళ్లిపోతోంది, తారీఖు లేకపోతే ఏమైందిప్పుడు?" అని జనం మొత్తుకునేవాళ్లు. "తారీఖు లేని ఫొటో ఎవరిదైనా కావచ్చు" అనేవాడు. దానికి నేనెన్నిసార్లు నవ్వానో లెక్కలేదు. తన ఫొటో మాత్రం ఒక్కటీ లేదు. పెళ్లి ఫొటోల్లో కూడా లేడు. తన పెళ్లికి తనే ఫొటోలు తీశాడు మరి! వాటిలో పెళ్లికూతురు జెనెబెచ్ ఒక్కతే నిలబడి, పక్కన ఖాళీ వైపు ప్రేమగా చూస్తూ ఉంటుంది.

ఈ తారీఖు పిచ్చికి కారణం ఉంది. అద్మాసు పుట్టింది పాగుమే ఆరున. పాగుమే మా పదమూడో నెల. ముప్పై రోజుల నెలలు పన్నెండు పోగా ఏడాది చివర మిగిలే ఐదు రోజులే ఆ నెల, నాలుగేళ్లకోసారి ఆరు రోజులు. అంటే అతని పుట్టినరోజు నాలుగేళ్లకోసారి వస్తుంది. అదేమంత బాధ కాదు, మాలో పుట్టినరోజులు చేసుకునేదెవరు గనక. కానీ కుర్రతనంలో గుర్తింపు కార్డు కోసం వార్డు ఆఫీసుకి వెళితే, అక్కడ గుమాస్తా రిజిస్టరు తెరిచి, వేలు పెట్టి చూసి, "ఈ ఏడాది పాగుమేకి ఐదే రోజులు. లేని తారీఖు రాయను" అన్నాడట.

"నేను పుట్టిన ఏడాది ఉందండీ."

"నువ్వు కార్డు అడుగుతున్నది ఈ ఏడాది."

అలా అని పక్క రోజు తారీఖు, అంటే కొత్త ఏడాది మొదటి రోజైన మెస్కెరెం ఒకటి, వేసి పంపేశాడు. ఆ గుమాస్తా పేరు వర్క్‌నెహ్. తర్వాత రిటైరై మా సందులోనే ఇల్లు కట్టుకున్నాడు. మా ఇద్దిర్ సంఘానికి, అంటే ఎవరింట్లో చావు జరిగినా టెంటూ బెంచీలూ గుండిగలూ మోసుకొచ్చి నిలబడే సంఘానికి, పెద్ద అయ్యాడు. మనిషి చెడ్డవాడు కాదు. నవ్వడు, అంతే. పళ్లున్నాయో లేదో కూడా సందులో ఎవరికీ తెలియదు.

ఇక అసలు సంగతికి వస్తాను. మా పంతొమ్మిది వందల తొంభై తొమ్మిదో సంవత్సరం ముగియబోతోంది. మిగతా ప్రపంచం ఏడేళ్ల కిందటే తొందరపడి రెండు వేల సంవత్సరం చేసేసుకుంది. మేం నిదానంగా వస్తున్నాం. ఊరంతా సున్నాలు, రంగులు, జెండాలు. అదే సమయంలో అద్మాసు కొంప మునుగుతోంది. అతనిది రష్యా నుంచి వచ్చిన ఫిల్ము కెమెరా. ఫిల్ము అమ్మే కొట్టువాడు ఫోన్ కార్డులు అమ్మడం మొదలుపెట్టాడు. దానికి తోడు దుబాయ్ నుంచి తిరిగొచ్చిన బెతెల్ అనే అమ్మాయి బస్టాండు దగ్గర డిజిటల్ కెమెరాతో కూర్చుంది. ఫొటో తీసి అక్కడికక్కడే చూపించేస్తుంది. పోనీ పొగరుదా అంటే అదీ కాదు. అద్మాసు కనిపిస్తే లేచి నిలబడి, "గాషే, ఆరోగ్యం బాగుందా, ఇంట్లో బాగున్నారా" అని తలవంచి అడిగేది. తిట్టుకోవడానికి కూడా వీలు లేకుండా చేసింది.

అప్పుడే సంఘం తీర్మానం చేసింది. కొత్త వెయ్యేళ్ల తొలి పొద్దున నలభై ఒక్క కుటుంబాలూ చర్చి ముందు నిలబడి ఒక ఫొటో దిగాలి, ఇంటికో కాపీ, ఆ పైన సంఘం ఫొటోలన్నీ తీసే పని ఎప్పటికీ ఆ ఫొటో తీసినవాళ్లకే. వర్క్‌నెహ్ గారు లేచి షరతు పెట్టాడు.

"ఫొటో మీదే తారీఖు అచ్చుపడాలి. మన తారీఖు. మెస్కెరెం ఒకటి, రెండు వేలు. వెనక పెన్నుతో రాస్తే చెల్లదు, ఎవడైనా ఎప్పుడైనా రాసుకోవచ్చు. డిజిటల్ అయితేనే రండి."

అద్మాసు ఆ రోజు నా కొట్లో కూర్చుని గంటసేపు నా గుడ్డముక్కలు మడతపెట్టాడు. చివరికి అన్నాడు, "షిబేషీ, ఈ పని నాకు రాకపోతే స్టూడియో మూసెయ్యాల్సిందే."

"మూసేస్తే నా కోటు నాకిచ్చెయ్" అన్నాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

జెనెబెచ్ రొట్టెలు కాల్చి అమ్మేది. ఆమె దాచిన డబ్బు, చీటీలో వచ్చింది, ఫొటోలు పెద్దవి చేసే పాత ఎన్లార్జరు అమ్మగా వచ్చింది, అంతా కలిపి పద్నాలుగు వందల బిర్‌లు. అడిస్ అబాబాలో కొత్త కెమెరా నాలుగు వేల పైమాట. "అక్కడి మెర్కాటో బజార్లో సెకండ్ హ్యాండు దొరుకుతుంది. ఈయనొక్కడే వెళితే మోసపోతాడు, నువ్వు కూడా వెళ్లు" అని జెనెబెచ్ నన్ను తోడు పంపింది. బస్సు చార్జీలు మాత్రం విడిగా నా చేతిలో పెట్టింది.

"ఇదేంటి వదినా, ఆయనకియ్యక నాకిస్తావు?"

"ఆయనకిస్తే అవి కూడా కెమెరావాడికి ఇచ్చేసి నడిచొస్తాడు. ముందు జేబులో పెట్టుకో."

మెర్కాటోలో షెంసు అనే వ్యాపారి దుకాణం దొరికింది. దుకాణమంటే ఒక బీరువా, ఒక స్టూలు, నాలుగు కెమెరాలు, వాటన్నిటి కన్నా ఎక్కువ నోరు.

"రండి రండి గాషే, కూర్చోండి! ఇదిగో ఐదు మెగాపిక్సెల్. ఇది నాలుగు. దీంతో తీస్తే ఈగ కాలి మీద వెంట్రుక కనిపిస్తది!"

అద్మాసు కెమెరా చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఇది వెనక్కి ఎంత దూరం పోతుంది?" అన్నాడు.

"జూమా? మూడింతలు."

"జూమ్ కాదయ్యా. సంవత్సరం. పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది పెట్టు."

షెంసు నొక్కాడు. రెండు వేల ఐదు దగ్గర ఆగిపోయింది. ఇంకా నొక్కాడు. కదల్లేదు.

"గాషే, ఈ కెమెరా పుట్టిందే రెండు వేల ఐదులో. పుట్టకముందు సంగతి దానికేం తెలుసు?"

"అయితే వద్దు."

"ఫొటో చూడండి ముందు!"

"ఫొటో ఎలా ఉన్నా, ఆరేళ్ల తర్వాత తీసినట్టు ఉంటుంది. వద్దు."

రెండోది రెండు వేల మూడు దగ్గర ఆగింది. మూడోది రెండు వేల రెండు దగ్గర. చుట్టుపక్కల జనం పదిమంది దాకా పోగై, కెమెరా కొనడానికొచ్చి దాన్ని వెనక్కి నెట్టుతున్న ఈ మనిషిని చూస్తున్నారు. నాకు సిగ్గేసి పక్క దుకాణంలో చెప్పుల బేరం ఆడుతున్నట్టు నటించాను. చివరికి షెంసు విసిగిపోయి, బీరువా అడుగు నుంచి గుడ్డలో చుట్టిన ఒక ముసలి కెమెరా తీశాడు. ఇటుకంత బరువు. రెండే మెగాపిక్సెల్. తెర అగ్గిపెట్టె అంత. రాతంతా జపాను భాష.

"ఇది ఎవరూ కొనరని లోపల పడేశా" అన్నాడు.

నొక్కాడు. రెండు వేలు వచ్చింది. ఇంకోసారి నొక్కాడు. పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది. అద్మాసు మొహం వెలిగిపోయింది. బేరమాడేటప్పుడు అలాంటి మొహం పెట్టే మనిషిని నేనెక్కడా చూడలేదు. డొక్కలో పొడిచాను, లాభం లేకపోయింది.

"నెల? నెల పదమూడు పెట్టు" అన్నాడు అద్మాసు.

పన్నెండు తర్వాత ఒకటి వచ్చింది.

"పదమూడు లేదేం?"

"గాషే! పదమూడు నెలలు ప్రపంచంలో ఎవడికున్నాయి?"

"మనకున్నాయి."

"మనకున్నాయని జపానువాడికెవరు చెప్పారు? మీరు వెళ్లి చెప్పొస్తానంటే నేను ఆగుతా."

ఎవరూ కొనరని తనే ఒప్పుకున్న దానికి షెంసు పదహారు వందలు చెప్పాడు. నేను నా వృత్తిలో నేర్చిన అబద్ధాలన్నీ ఆడి పద్నాలుగు వందల ఎనభైకి తెచ్చాను. అక్కడ గొలుసు వేసినట్టు ఆగిపోయాడు. ఎనభై తక్కువ. అద్మాసు నా ముందు జేబు వైపు చూశాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను. అతను చేతి గడియారం విప్పి స్టూలు మీద పెట్టాడు. షెంసు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విని, సరేనన్నాడు. తారీఖు మార్చడానికి ఏ బొత్తాం ఎన్నిసార్లు నొక్కాలో సిగరెట్ పెట్టె అట్ట మీద బొమ్మలు గీసిచ్చాడు. ఇరవై మూడు నొక్కులు. ఆ రోజు మధ్యాహ్నం మేమిద్దరం భోజనం చేయలేదు. బస్సులో అద్మాసు కిటికీలోంచి ప్రతి ఆవునీ గుర్రబ్బండినీ చూసి "ఫొటో" అంటూనే ఉన్నాడు. ఆకలితో ఉన్న నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ నెల, అంటే మా పన్నెండో నెల నెహాసే, ముప్పయ్యో రోజు దాకా అంతా సవ్యంగా నడిచింది. మర్నాడు పాగుమే ఒకటి. పొద్దున్నే అద్మాసు పరుగెత్తుకొచ్చాడు.

"షిబేషీ, కెమెరా ముప్పై ఒకటి అంటోంది!"

"ముప్పై ఒకటేంటి? నెలకి ముప్పయ్యే కదా."

"వాళ్ల నెలకి ఒకటి ఎక్కువట. రేపు పొద్దున ఇది కొత్త సంవత్సరంలోకి వెళ్లిపోతుంది. మనకి ఇంకా ఐదు రోజులుంది. మనకన్నా ముందు వెళ్లి కూర్చుంటుంది!"

"అయితే మూతిమీద గుడ్డ కప్పి ఆరు రోజులు పడుకోబెట్టు."

"పండగ ముందు వారం మూసుకుంటే తినేదేంటి?"

చాలాసేపు గోళ్లు కొరుకుతూ నిలబడ్డాడు. అప్పుడు అతనికి తట్టిన ఉపాయం వింటే మీరూ మెచ్చుకుంటారు. ఆ ముప్పై ఒకటి ఎలాగూ మనకి లేని రోజు. పాగుమే వాళ్లకి లేని నెల. కాబట్టి పాగుమే మొత్తాన్ని తీసుకెళ్లి ఆ ఒక్క రోజులో పెట్టేయాలి. రోజూ పొద్దున ఇరవై మూడు నొక్కులు నొక్కి కెమెరాని మళ్లీ ముప్పై ఒకటికి లాక్కురావాలి. ఆరు రోజులూ ముప్పై ఒకటే. ఆరో రోజు పెట్టి వదిలేస్తే, మర్నాడు దానంతటదే రెండు వేలు, ఒకటో నెల, ఒకటో తారీఖుకి తిరుగుతుంది.

అలాగే చేశాడు. ఆ వారం ఫొటోలు దిగినవాళ్లు వచ్చి గొడవ పెట్టుకున్నారు. "నెహాసేకి ముప్పై ఒకటో తారీఖు ఎక్కడుంది గాషే?" అని కిరాణా కొట్టు ఆమె నిలదీసింది.

"ఫొటోలో ఉంది కదమ్మా, చూడు" అన్నాడు అద్మాసు ఎంతో శాంతంగా.

టైము కూడా మా లెక్కనే పెట్టాడు. మాకు రోజు మొదలయ్యేది పొద్దు పొడుపుతో, సూర్యుడు వచ్చిన గంటకి ఒంటి గంట. అందువల్ల ఆ కెమెరాకి తారీఖు మారేది నడిరాత్రి కాదు, సరిగ్గా తెల్లవారేవేళ. "చూశావా, దీనికి సగం బుద్ధి ఉంది" అని మురిసిపోయాడు. పాగుమే ఆరు పొద్దున చివరిసారి సరిచేసుకోవడానికి నా కొట్లోకొచ్చి, గోడ గడియారం చూసి, నిమిషంతో సహా పెట్టుకెళ్లాడు. చేతి గడియారం షెంసు దగ్గరుంది కదా. నేనప్పుడు పండగ గిరాకీలో సూదిలో దారం ఎక్కిస్తూ తల కూడా ఎత్తలేదు. ఎత్తినా చెప్పి ఉండేవాణ్ణి కాను, కొట్లో ఇద్దరు గిరాకీలు కూర్చునున్నారు.

"ఇవాళ్టితో పద్నాలుగేళ్లు నిండాయి మా ఆయనకి" అని ఆ రోజంతా జెనెబెచ్ సందులో అందరికీ చెప్పి నవ్వించింది. యాభై ఆరేళ్లలో పాగుమే ఆరు పద్నాలుగుసార్లే వచ్చింది మరి.

కొత్త సంవత్సరం పొద్దున చర్చి ముందు చలి ఎముకలు కొరుకుతోంది. నలభై ఒక్క కుటుంబాలూ తెల్ల బట్టల్లో నిలబడ్డాయి. పిల్లల చేతుల్లో పచ్చపూలు. మధ్యలో కర్ర పట్టుకుని వర్క్‌నెహ్ గారు, పక్కన ఫాదరు గారు. ఆయన ఉపవాసంతో ముందు రోజు మధ్యాహ్నం నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. జెనెబెచ్ బండిచక్రమంత పండగ రొట్టె తెచ్చి గుడ్డ కప్పి బల్ల మీద పెట్టింది. ఫొటో అయితే ఫాదరు గారు దీవించి కోస్తారు, అప్పుడు అందరూ తింటారు. వాసన మాత్రం అప్పటికే అందరికీ పంచేసింది.

సూర్యుడి అంచు కనిపించింది. అద్మాసు సరిచూసుకోవడానికి ఒకటి తీశాడు. తెర చూశాడు. మొహం పాలిపోయింది. మెల్లగా నా దగ్గరికొచ్చి చెవిలో అడిగాడు.

"షిబేషీ, నీ గోడ గడియారం సరిగ్గానే నడుస్తుందా?"

"నడుస్తుంది."

"సరిగ్గానా?"

"... కాస్త వెనక."

"ఎంత వెనక?"

"ఇరవై నిమిషాలు" అన్నాను. చర్చి ముందు అబద్ధమాడే ధైర్యం లేకపోయింది.

అతను కెమెరా నా వైపు తిప్పి చూపించాడు. తిట్టి ఉంటే బాగుండేది. తెరలో ఇంకా 1999, పన్నెండు, ముప్పై ఒకటి. ఇరవైలో పది నిమిషాలు అప్పటికే గడిచాయి, దాని కొత్త సంవత్సరానికి ఇంకా పది నిమిషాలుంది. పక్కనే ఎర్రగా బ్యాటరీ గుర్తు కొట్టుకుంటోంది, చలికి బ్యాటరీలు చచ్చిపోతున్నాయి. సిగరెట్ అట్ట తీసి ఇరవై మూడు నొక్కులు నొక్కుదామంటే సగంలోనే ఆరిపోతుంది. పండగ పొద్దున ఏ కొట్టూ తెరిచి లేదు. బెతెల్ తన కెమెరాతో పక్కనే ఉంది, "నా బ్యాటరీ తీసుకోండి గాషే" అని ఇవ్వబోయింది కూడా, కానీ అది బిస్కట్టులా చదునుగా ఉంది, దీనికి పట్టదు. ఆపేసి వెచ్చగా ఉంచి పది నిమిషాలు ఆగడం ఒక్కటే దారి. అద్మాసు నాలుగువైపులా చూసి, గుడ్డ కాస్త తప్పించి, కెమెరాని వేడి రొట్టె మీద పెట్టాడు.

"ఏంటిది?" అన్నారు ఫాదరు గారు.

"కాస్త చలి కాచుకుంటోందండి."

"అద్మాసూ, తియ్యి" అన్నాడు వర్క్‌నెహ్ గారు.

"తీస్తానండి. ఆ వెనకాయన కొంచెం ఎడమకి జరగాలి. కాదు, కుడికి. పిల్లలు ముందుకి. ముసలమ్మ గారు, మీరు మళ్లీ వెనక్కి..."

నాలుగు నిమిషాలు జనాన్ని అలా అటూ ఇటూ తిప్పాడు. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. ఎవరో తుమ్మారు. ఫాదరు గారి కళ్లు రొట్టె మీద నుంచి కదలడం లేదు.

"నాయనా, అది దాని మీంచి తీస్తావా, దాంతో సహా తినేయమంటావా?" అన్నారు చివరికి.

"ఒక్క ఆరు నిమిషాలండి."

"ఆరు నిమిషాలెందుకు?" అని వర్క్‌నెహ్ గారు కర్ర నేలకేసి కొట్టాడు.

ఇక దాచలేక అద్మాసు చెప్పేశాడు. "దీనికి ఇంకా పాత సంవత్సరమే నడుస్తోందండి."

అంతే, గోల. "కెమెరాకి పండగ రాలేదట!" "అయితే రొట్టె కూడా రాదా?" "ఇప్పుడు మనం ఏ ఏడాదిలో నిలబడ్డట్టు?" వర్క్‌నెహ్ గారు చెయ్యెత్తి అందరినీ ఆపాడు.

"తారీఖు లేనిదే ఒప్పందం లేదు. ముందే చెప్పాను. ఫాదరు గారిని ఆకలితో నిలబెట్టడం పాపం. అమ్మా బెతెల్, నువ్వు తియ్యి."

బెతెల్ తల వంచుకుని ముందుకొచ్చింది. "క్షమించండి గాషే" అని ఫొటో తీసింది. ఒక్క నొక్కు. అయిపోయింది. అద్మాసు రొట్టె పక్కన నిలబడి ఇటుకలాంటి తన కెమెరాని చేత్తో తుడుస్తున్నాడు. వెయ్యి ప్యాంట్లకి అబద్ధాలు చెప్పినవాణ్ణి నేను. ఒక్క అబద్ధానికి ఇతను మునిగాడు.

అప్పుడు జెనెబెచ్ గొంతు వినిపించింది.

"వర్క్‌నెహ్ గారూ, ఒక్క మాట. ఆ డబ్బాలో ఇంకా పాగుమే ఆరే నడుస్తోంది కదా?"

"అయితే?"

"మా ఆయన పుట్టినరోజది. మళ్లీ నాలుగేళ్లకి గానీ రాదు. మీకెలాగూ వద్దు గనక, ఆ మిగిలిన నాలుగు నిమిషాలూ మాకిచ్చెయ్యండి."

అనుమతి కోసం ఆగలేదు. మొగుడి రెక్క పట్టుకుని గుంపులోకి లాక్కెళ్లింది. నేను పరుగున స్టూడియోకెళ్లి నల్ల కోటు తెచ్చాను. నలుగురు కలిసి తొడిగారు. ముప్పై ఏళ్లు ఊరందరికీ తొడిగినవాడికి చేతులు ఎక్కడ దూర్చాలో తెలియలేదు. రెండు చేతులూ ఒకే వైపు పెట్టాడు. "ఊపిరి తీసుకో, వదలకు!" అని అరిచాడు ఫ్యాక్టరీ కూలీ ఒకడు. "గడ్డం పైకెత్తు!" అంది కిరాణా కొట్టు ఆమె. పిల్లలు కూడా అందుకున్నారు. నలభై ఒక్క కుటుంబాలూ విరగబడి నవ్వుతుంటే, రొట్టె వేడి ఇంకా తగ్గని ఆ కెమెరా నొక్కాను. టక్ మంది. తెర నల్లబడింది. మళ్లీ వెలగలేదు.

"ఇంక కొయ్యండి ఫాదరు గారూ" అంది జెనెబెచ్.

రెండు వారాల తర్వాత సంఘం సమావేశంలో రెండు ఫొటోలూ బల్ల మీద పెట్టారు. బెతెల్ ఫొటో అద్దంలా స్పష్టంగా ఉంది. అందులో నలభై ఒక్క కుటుంబాలూ చలికి వణుకుతూ, ఆకలితో, పక్కకి రొట్టె వైపు చూస్తున్నాయి. మూల మీద 2007 అని అచ్చుపడింది. పాపం ఆ అమ్మాయి కెమెరా అంత వెనక్కి పోలేదు. "ఏడేళ్లు ఎక్కడికి పోయాయి? నాకసలే రోజులు తక్కువ!" అని ఒక ముసలమ్మ లబోదిబోమంది. రెండో ఫొటో కొంచెం మసక. కానీ అందరూ నవ్వుతున్నారు. వర్క్‌నెహ్ గారి పళ్లు బయటపడ్డాయి, పైన ఒకటి బంగారుది. మధ్యలో నల్ల కోట్లో బిగుసుకుని అద్మాసు, అతని వైపు చూస్తూ జెనెబెచ్. మూల మీద 1999, పన్నెండు, ముప్పై ఒకటి.

ఆడవాళ్లందరూ ఇదే కావాలన్నారు. బెతెల్ కూడా, "నాకు తియ్యడమే వచ్చు, నవ్వించడం రాదు. గాషేదే తీసుకోండి" అంది.

వర్క్‌నెహ్ గారు కళ్లజోడు పెట్టుకుని మూల మీది అంకెల్ని వేలితో చూశాడు. "నెహాసేకి ముప్పై ఒకటి లేదు. లేని తారీఖు మీద సంఘం ముద్ర వెయ్యను" అన్నాడు.

అద్మాసు లేచి టోపీ తీసుకున్నాడు. ఆ మాటలు అతను ఒకసారి విన్నవే.

"కూర్చో" అన్నాడు వర్క్‌నెహ్ గారు.

చొక్కా జేబులోంచి ఆఫీసు రోజుల నాటి పెన్ను తీశాడు. ఆ ఫొటో మీద అచ్చుపడిన తారీఖుని ఒక్క గీతతో అడ్డంగా కొట్టేశాడు. పక్కనే గుండ్రటి అక్షరాలతో, పాగుమే ఆరు, పంతొమ్మిది వందల తొంభై తొమ్మిది, అని రాశాడు. కింద సంతకం పెట్టి, సంఘం ముద్ర వేసి, సిరా ఆరేదాకా ఊదాడు.

"పెన్నుతో రాస్తే చెల్లదన్నారు కదండీ?" అన్నాను నేను. నోరు ఊరుకోదు కదా.

"నువ్వు రాస్తే చెల్లదు" అన్నాడు. తర్వాత తల ఎత్తకుండానే, కాస్త తగ్గిన గొంతుతో, "అప్పుడు ఆ ఏడాది ఐదే రోజులున్నాయి అద్మాసూ. పోయిన ఏడాదికి ఆరున్నాయి. రాయడానికి నాకు అభ్యంతరం లేదు" అన్నాడు. "మిగతా నలభై కాపీలు కూడా తీసుకురా. అన్నీ నేనే దిద్దుతాను. ఇక ముందు సంఘం ఫొటోలూ నువ్వే తియ్యి."

అద్మాసు తన కాపీ పట్టుకుని బయటికొచ్చి, వీధి అరుగు మీద కూర్చున్నాడు. అలవాటుగా ఫొటో వెనక్కి తిప్పి మోకాలి మీద పెట్టుకుని, సన్న పెన్ను మూత తీసి, నాలుక బయటపెట్టాడు. మళ్లీ ముందుకి తిప్పి ఆ గుండ్రటి అక్షరాలు చూశాడు. పెన్నుకి మూత పెట్టి జేబులో వేసుకున్నాడు.